కడుపులో బిడ్డకు కాపలా తల్లి ఒక్కతేనా?

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నాలుగు మడతలు పెట్టి మా పెద్దవాడి టీకాల కార్డు వెనక దాచాను. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు పదో వారంలో చేయించిన రక్తపరీక్ష రిపోర్టు అది. మొత్తం ఎనిమిది వరుసలు. వాటిలో మూడు లావు అక్షరాల్లో ఉన్నాయి. రుబెల్లా ఐజీజీ పాజిటివ్. సీఎంవీ ఐజీజీ పాజిటివ్. సీఎంవీ ఐజీఎం పాజిటివ్. రుబెల్లా అంటే దద్దుర్లు తెచ్చే ఒక వైరస్ జబ్బు, సీఎంవీ ఇంకో వైరస్. కౌంటర్ దగ్గర అమ్మాయి కాగితం చేతికిస్తూ, "డాక్టర్‌గారికి తొందరగా చూపించండి మేడమ్" అంది. ఆ గొంతులోని తేడా నాకు తెలిసింది. మెట్లు దిగుతూనే ఫోన్లో వెతికాను. రెండో అంతస్తు నుంచి కిందికి వచ్చేలోపు చెవుడు, చూపు దెబ్బతినడం, తల చిన్నదిగా ఉండడం, ఎదుగుదల లోపం అనే మాటలన్నీ చదివేశాను. కింద గోడ పట్టుకుని కాసేపు నిలబడిపోయాను.

ఇంటికి వెళ్లి చెప్తే మొట్టమొదట వచ్చిన ప్రశ్న, "ఎక్కడ తగిలించుకున్నావమ్మా?"

అడిగినవాళ్లకు నా మీద ప్రేమ లేక కాదు. కంగారులో వచ్చిన మాట అది. కానీ ఆ మాటను నేను చాలా రోజులు మరిచిపోలేకపోయాను. జబ్బు "తగిలింది" అనొచ్చు. మనం అలా అనం. తగిలించుకున్నావ్, అంటించుకున్నావ్, తెచ్చుకున్నావ్ అంటాం. చివర ఆ "కోవడం" అనే చిన్న ముక్క చేరగానే జరిగినదంతా ఆమె చేసుకున్న పని అయిపోతుంది. వైరస్‌ను మోసుకొచ్చినవాళ్లు, టీకా వేయించుకోనివాళ్లు, పరీక్ష రాయాల్సిన సమయంలో రాయనివాళ్లు, ఎవరూ ఆ వాక్యంలో కనపడరు.

ఆ ముక్క మీద నాకున్న అభ్యంతరమే ఈ వ్యాసం. గర్భంలో ఉన్న బిడ్డకు కొన్ని ఇన్ఫెక్షన్ల వల్ల ప్రమాదం ఉన్న మాట నిజం, ఆ ప్రమాదం చిన్నది కూడా కాదు. కానీ తల్లి ఒక్కతే జాగ్రత్తగా ఉంటే అది తప్పిపోతుందని నమ్మడం వైద్యపరంగానే పొరపాటు. ఈ వందేళ్లలో బిడ్డలు నిజంగా బతికి బట్టకట్టిన ప్రతిచోటా, ఆమె చుట్టూ ఉన్నవాళ్లు మారారు.

ముందు నా రిపోర్టు సంగతి చెప్పేస్తాను. మన ఒంట్లోకి ఏదైనా క్రిమి వచ్చినప్పుడు మొదట తయారయ్యే రక్షణ ప్రోటీన్లు, అంటే యాంటీబాడీలు, ఐజీఎం రకం. తర్వాత వచ్చి ఏళ్ల తరబడి నిలిచేవి ఐజీజీ రకం. కాబట్టి ఐజీజీ ఒక్కటే పాజిటివ్ అంటే ఆ జబ్బు ఎప్పుడో వచ్చి పోయిందని, లేదా టీకా పనిచేసిందని అర్థం. రుబెల్లా విషయంలో అది శుభవార్త. నా రిపోర్టులో ఆ శుభవార్తను కూడా భయపెట్టే లావు అక్షరాల్లోనే అచ్చేశారు. సీఎంవీ ఐజీఎం మాత్రం ఆలోచించాల్సిన విషయమే. అయితే అది కొందరిలో నెలల తరబడి నిలిచిపోతుంది, ఒక్కోసారి అసలు జబ్బు లేకపోయినా పాజిటివ్ చూపిస్తుంది. అందుకని మా డాక్టర్‌గారు యావిడిటీ అనే ఇంకో పరీక్ష రాశారు. కొత్తగా పుట్టిన ఐజీజీ క్రిమిని వదులుగా పట్టుకుంటుంది, నెలలు గడిచేకొద్దీ దాని పట్టు బిగుస్తుంది. ఆ పట్టు ఎంత గట్టిగా ఉందో కొలిస్తే వైరస్ వచ్చి ఎన్నాళ్లయిందో ఇంచుమించుగా తెలుస్తుంది.

రిజల్టు రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ నేను మా వాడిని దగ్గరికి తీసుకోవడానికి కూడా భయపడ్డాను. వాడికి అప్పుడు రెండున్నరేళ్లు. వాడు చేతులు చాపితే నేను వెనక్కి జరిగేదాన్ని, వాడు తెల్లమొహం వేసేవాడు. పన్నెండో రోజు డాక్టర్‌గారే ఫోన్ చేశారు. పట్టు గట్టిగా ఉంది, వైరస్ వచ్చి మూడు నెలలు దాటింది, అంటే కడుపు రాకముందే వచ్చింది, ప్రమాదం బాగా తక్కువ అన్నారు. పాప పుట్టిన నాలుగో రోజున మూత్రం పరీక్ష చేయించాం. నెగెటివ్.

నా కథ అలా గట్టెక్కింది. అందరి కథా గట్టెక్కదు. సీఎంవీ, అంటే సైటోమెగలో వైరస్, తల్లి నుంచి బిడ్డకు పుట్టుకకు ముందే సోకే వైరస్‌లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది. అభివృద్ధి చెందిన దేశాల లెక్కల ప్రకారం దాదాపు 200 మంది శిశువుల్లో ఒకరు దానితో పుడతారు. అలా పుట్టిన ప్రతి ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలం ఉండే ఇబ్బంది వస్తుంది, ముఖ్యంగా వినికిడి లోపం. కొందరు పిల్లలు పుట్టగానే చేసే వినికిడి పరీక్షలో పాసవుతారు, రెండు మూడేళ్లకు మెల్లమెల్లగా చెవులు మూసుకుపోతాయి. పోల్చి చూడాలంటే డౌన్ సిండ్రోమ్ దాదాపు 700 మందిలో ఒకరికి వస్తుంది. దాని కోసం ఏ వారంలో ఏ స్కాన్ చేయించాలో కడుపుతో ఉన్న ప్రతి ఒక్కరికీ చెప్తారు. సీఎంవీ అనే మూడక్షరాలు నా రెండు గర్భాల్లోనూ, ఆ రిపోర్టు వచ్చేదాకా, ఒక్కరి నోటా వినలేదు.

అది వచ్చే దారి తెలిశాక నాకు ఇంకా బాధేసింది. చిన్నపిల్లల లాలాజలంలో, మూత్రంలో ఆ వైరస్ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బయటికి వస్తూ ఉంటుంది. పిల్లలకు ఏ లక్షణమూ ఉండదు. నేను రోజూ ఏం చేసేదాన్నో చెప్తాను. వాడు సగం తిని వదిలేసింది పారేయబుద్ధి కాక నేను తినేదాన్ని. వేడిగా ఉందేమోనని వాడి చెంచాతోనే రుచి చూసేదాన్ని. వాడి ముక్కు తుడిచిన చేత్తోనే ఇంకో పని అందుకునేదాన్ని. ఎంగిలి అనే మాట మనకు ఎంత పట్టింపో అందరికీ తెలుసు, కానీ సొంత బిడ్డ ఎంగిలి ఏ తల్లికీ ఎంగిలి అనిపించదు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట ఎవరైనా ముందు చెప్పి ఉంటే బాగుండేది. బిడ్డ చెంచా, గ్లాసు పంచుకోవద్దు. డైపర్ మార్చాక, ముక్కు తుడిచాక సబ్బుతో చేతులు కడుక్కో. ముద్దు పెదాల మీద కాకుండా నుదుటి మీద పెట్టు. ఖర్చు లేని పనులివి. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు.

ఈ మూడు సలహాలూ మళ్లీ తల్లికేనా అని మీరు అడగొచ్చు. నాకూ అదే అనిపించింది. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నప్పుడు ఆ తొమ్మిది నెలలూ డైపర్ పని ఆ మనిషి ఎందుకు అందుకోకూడదు? తను కూడా చేతులు కడుక్కోవాలి, ఎందుకంటే ఆ వైరస్ పెద్దవాళ్ల లాలాజలం ద్వారా, శారీరక సంబంధం ద్వారా కూడా వెళ్తుంది. మా ఇంట్లో ఆ మార్పు వచ్చింది గానీ, ఆ కాగితం చూసి భయపడ్డాకే వచ్చింది.

టార్చ్ టెస్ట్ గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. టాక్సోప్లాస్మా, రుబెల్లా, సీఎంవీ, హెర్పిస్ లాంటివన్నీ ఒకే మూటగా కట్టి చేసే ఈ పరీక్ష చాలామందికి తెలిసిందే. 1970లలో ఆ పేరు పెట్టింది డాక్టర్లు ఈ జబ్బులను గుర్తుపెట్టుకోవడం కోసం. ఇప్పుడది ఒక అలవాటుగా మారిపోయింది. రెండుసార్లు గర్భం పోయిన నా స్నేహితురాలికి ఈ పరీక్షలో ఐజీజీ పాజిటివ్ వచ్చిందని నెలల తరబడి మందులు మింగించారు. పాత ఇన్ఫెక్షన్ గుర్తుకు మందేమిటి? పదే పదే గర్భం పోవడానికి ఈ జబ్బులు కారణం కాదని, అందుకోసం ఈ పరీక్ష వద్దని ప్రసూతి వైద్యుల మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి. ఆమెకు మందుల కన్నా "నా ఒంట్లో ఏదో ఉంది, అందుకే పిల్లలు నిలవట్లేదు" అనే ఆలోచన ఎక్కువ హాని చేసింది.

ఇక్కడ మాయ గురించి చెప్పకపోతే భయమే మిగులుతుంది. తల్లికీ బిడ్డకూ మధ్య ఉండే మాయ వచ్చిన ప్రతి క్రిమినీ లోపలికి రానివ్వదు. మామూలు జలుబు, దగ్గు, ఒకటి రెండు రోజుల విరేచనాలు, వీటిలో చాలావాటి నీడ కూడా బిడ్డ మీద పడదు. పైగా మాయ తల్లి ఐజీజీని ఏరి మరీ బిడ్డకు అందిస్తుంది. చివరి మూడు నెలల్లో అది ఎంతగా జరుగుతుందంటే, నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో ఆ ఐజీజీ తల్లి రక్తంలో కన్నా ఎక్కువే ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి వేయించుకునే ఫ్లూ టీకా, కోరింత దగ్గు టీకా పుట్టిన బిడ్డను కాపాడేది ఇలాగే. ఫ్లూ టీకాను ఆరు నెలలలోపు పిల్లలకు వేయరు, ఆ ఆరు నెలలూ అమ్మ ఇచ్చిందే వాళ్లకు ఆధారం. ఇంజెక్షన్ అనగానే "కడుపుతో ఉన్నప్పుడు ఎందుకమ్మా అవన్నీ" అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఆ సూది సగం బిడ్డకే.

మాయను దాటగలిగే కొద్ది క్రిములతోనే చిక్కు. వాటిలో నన్ను బాగా ఆలోచింపజేసిన కథ రుబెల్లాది.

1941లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో నార్మన్ మెక్‌అలిస్టర్ గ్రెగ్ అనే కంటి డాక్టర్ ఉండేవారు. కళ్లలో శుక్లాలతో పుట్టిన పసిపిల్లలు ఆయన దగ్గరికి వరుసగా రావడం మొదలైంది. శుక్లాలు ముసలివాళ్లకు రావాల్సినవి. అంతమంది పసిగుడ్లకు ఒకేసారి ఎందుకు వచ్చాయి? బయట కూర్చున్న తల్లులు మాట్లాడుకుంటుండగా, కడుపుతో ఉన్న కొత్తల్లో తమకు ఒంటి మీద దద్దుర్లు వచ్చాయని చెప్పుకోవడం ఆయన చెవిన పడిందని అంటారు. అంతకు ముందు ఏడాదే అక్కడ రుబెల్లా చెలరేగింది. ఆయన తోటి డాక్టర్లను కూడా అడిగి మొత్తం 78 మంది పిల్లల వివరాలు కూడగట్టారు. వాళ్లలో 68 మంది తల్లులకు గర్భంలో రుబెల్లా వచ్చిన చరిత్ర ఉంది. అప్పటిదాకా అది మూడు రోజుల్లో పోయే చిల్లర జబ్బు. 1944లో కూడా లాన్సెట్ అనే వైద్య పత్రిక ఆయన వాదన రుజువు కాలేదని రాసింది.

1951లో ఆలివర్ లాంకాస్టర్ అనే గణాంక శాస్త్రవేత్త ఆస్ట్రేలియా పాత జనాభా లెక్కలు తిరగేశాడు. 1911 నాటి లెక్కల్లో వినపడనివాళ్ల వయసులు చూస్తే, 1899 ప్రాంతంలో పుట్టినవాళ్లు విపరీతంగా ఎక్కువ ఉన్నారు. సరిగ్గా ఆ కాలంలోనే అక్కడ రుబెల్లా చెలరేగింది. అంటే అర్ధ శతాబ్దం పాటు ఆ జవాబు ప్రభుత్వ కాగితాల్లోనే పడి ఉంది. ఆ పిల్లల తల్లులు బతికినంత కాలం ఎన్నెన్ని మాటలు పడి ఉంటారో నేను ఊహించగలను. నన్ను అడిగింది ఒక్క ప్రశ్నే. వాళ్లను ఎన్ని అడిగి ఉంటారు?

1964–65లో అమెరికాలో రుబెల్లా కోటీ పాతిక లక్షల మందికి సోకింది. దాదాపు 20,000 మంది పిల్లలు ఆ వైరస్ తెచ్చిన లోపాలతో పుట్టారు, 11,000 గర్భాలు నిలవలేదు. మొదటి పన్నెండు వారాల్లో తల్లికి రుబెల్లా వస్తే పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది బిడ్డలకు దెబ్బ తగులుతుంది. గుండె, కళ్లు, చెవులు, మెదడు, అన్నీ ఏర్పడే రోజులవి. ఇరవై వారాలు దాటాక ఆ ప్రమాదం దాదాపు ఉండదు. అన్నిటికన్నా కష్టమైన విషయం ఏమిటంటే, రుబెల్లా వచ్చినవాళ్లలో కనీసం పావు వంతు మందికి లక్షణాలే కనపడవు. లక్షణాలున్నవాళ్లు కూడా దద్దుర్లు పైకి తేలడానికి వారం ముందు నుంచే ఇతరులకు అంటిస్తారు. ఇలాంటి దాని నుంచి ఏ గర్భిణి ఎలా తప్పించుకుంటుంది? తలుపులు మూసుకుని కూర్చున్నా వీధిలోకి వెళ్లి వచ్చేవాళ్లు ఆ ఇంట్లోనే ఉంటారు కదా.

హాలీవుడ్ నటి జీన్ టియర్నీకి 1943లో కడుపుతో ఉన్నప్పుడు రుబెల్లా వచ్చింది. కూతురు డారియా వినికిడి లేకుండా, చూపు దెబ్బతిని, మెదడు ఎదగకుండా పుట్టింది. తర్వాత కొంతకాలానికి ఒక పార్టీలో ఓ అభిమాని ఆమెను పలకరించింది. మిమ్మల్ని చూడాలని అప్పట్లో రుబెల్లా క్వారంటైన్ తప్పించుకుని మరీ వచ్చానని సంతోషంగా చెప్పిందట. టియర్నీ తానే చెప్పుకున్న సంగతి ఇది. ఆ అభిమాని చెడ్డ మనిషి కాదు, తను చేసిందేమిటో ఆమెకు తెలియదు. ఒకరి దద్దుర్లు ఇంకొకరి బిడ్డ జీవితమని తెలియని కాలం అది. ఇప్పుడు తెలుసు.

1969లో టీకా వచ్చింది. అసలు పాఠం ఆ తర్వాత ఉంది. 1970లో బ్రిటన్ ఆ టీకాను బడికి వెళ్లే ఆడపిల్లలకు మాత్రమే వేయడం మొదలుపెట్టింది. కడుపు మోసేది వాళ్లే కదా, వాళ్లకుంటే చాలనే లెక్క. రుబెల్లాతో పుట్టే పిల్లలు తగ్గారు గానీ ఆగిపోలేదు. ఎందుకంటే వైరస్ మగపిల్లల్లో, చిన్నపిల్లల్లో హాయిగా తిరుగుతూనే ఉంది, టీకా తప్పిపోయిన ఏ ఒక్క ఆడమనిషి కనపడినా పట్టుకునేది. చివరికి 1988లో తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎమ్మెమ్మార్ టీకాను మగా ఆడా తేడా లేకుండా పిల్లలందరికీ ఇవ్వడం మొదలుపెట్టారు. అయినా అంతకుముందు టీకా అందని కుర్రాళ్లలో 1990లలో కూడా రుబెల్లా చెలరేగింది. గ్రీస్ అనుభవం ఇంకా చేదు. అక్కడ 1975 నుంచీ టీకా ఉంది, కానీ 1980లలో సగం మంది పిల్లలకు కూడా అందలేదు. దాంతో చిన్నతనంలో వచ్చిపోవాల్సిన జబ్బు కొందరికి పెళ్లీడు దాకా వాయిదా పడింది. 1993లో అది విజృంభించినప్పుడు కడుపుతో ఉన్నవాళ్లు దొరికిపోయారు.

అమెరికా ఖండాలు రెండూ మాత్రం పని పూర్తి చేశాయి. అక్కడ రుబెల్లా స్థానికంగా వ్యాపించడం ఆగిపోయిందని 2015లో ప్రకటించారు. ఆ బిడ్డలను కాపాడింది జన్మలో ఎన్నడూ కడుపు మోయని కోట్లాది మగపిల్లలు వేయించుకున్న టీకా కూడా. నా వాదనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు.

సిఫిలిస్ దగ్గరికి వచ్చేసరికి అందరి గొంతులూ తగ్గిపోతాయి. పేరు ఎత్తడానికే సిగ్గు. ఆ సిగ్గు పిల్లల ప్రాణాలు తీస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2016లో 6,61,000 గర్భాల్లో సిఫిలిస్ బిడ్డకు చేరింది. కడుపులోనే పోయిన పిల్లలు, పుట్టిన కొద్ది రోజులకే పోయిన పిల్లలు కలిపి 2 లక్షలు దాటారు. ఇది కొత్త జబ్బు కాదు, మందు లేని జబ్బు అంతకన్నా కాదు. వేలి చివర ఒక్క రక్తపు చుక్కతో పరీక్ష అయిపోతుంది. ఎనభై ఏళ్ల కిందటి పెన్సిలిన్‌కు ఆ క్రిమి ఇప్పటికీ లొంగుతుంది. తల్లికి సమయానికి, అంటే కాన్పుకు కనీసం నెల ముందు చికిత్స అందితే బిడ్డ క్షేమంగా పుట్టే అవకాశం చాలా ఎక్కువ. కానీ ఆమెకు ఇంజెక్షన్ ఇచ్చి పంపి, భర్తను పరీక్షకు పిలవకపోతే ఏమవుతుంది? మళ్లీ ఆమెకే వస్తుంది, బిడ్డకు మళ్లీ అదే ముప్పు. ఇంత తేలికైన విషయం ఎన్నిచోట్ల అమలవుతోంది? గర్భిణి పుస్తకంలో ఆమె రక్తం వివరాలకు ఎన్నో గళ్లు ఉంటాయి. ఆయనవి రాయడానికి ఎన్ని ఉంటాయో మీ ఇంట్లో పుస్తకం ఉంటే తెరిచి చూడండి.

2015లో క్యూబా తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ రాకుండా ఆపగలిగిన మొదటి దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. అక్కడ గర్భిణులతో పాటు వాళ్ల భాగస్వాములకు కూడా పరీక్షలు చేశారు. హెచ్‌ఐవీ సంగతే చూడండి. ఏ జాగ్రత్తా లేకపోతే 15 నుంచి 45 శాతం మంది బిడ్డలకు చేరే వైరస్, మందులు సరిగ్గా వాడితే 5 శాతం లోపుకు, ఇంకా బాగా చూసుకుంటే 1 శాతం దగ్గరికి పడిపోతుంది. హెపటైటిస్ బి అయితే పుట్టిన 24 గంటలలోపు బిడ్డకు వేసే టీకాతోనే చాలావరకు ఆగుతుంది. ఆ టీకా వేయాల్సింది ఆసుపత్రి. తల్లి అప్పుడు మంచం మీద నుంచి లేవగలిగే స్థితిలో కూడా ఉండకపోవచ్చు.

జికా వచ్చినప్పుడు జరిగింది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 2015లో బ్రెజిల్‌లోని రెసిఫే ప్రాంతంలో తలలు చిన్నవిగా ఉన్న పిల్లలు ఉన్నట్టుండి ఎక్కువగా పుట్టడం డాక్టర్లు గమనించారు. దోమ కుట్టి వచ్చే వైరస్, సోకిన ఐదుగురిలో నలుగురికి లక్షణాలే ఉండవు. 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. దానికి కొద్ది రోజుల ముందు ఎల్ సాల్వడోర్ ప్రభుత్వం ఆడవాళ్లకు ఇచ్చిన సలహా ఏమిటంటే, 2018 దాకా గర్భం దాల్చకండి అని. గర్భస్రావం పూర్తిగా నేరమైన దేశం అది. దోమను ఆపలేక ఆడవాళ్లను ఆగమన్నారు. తర్వాత తేలింది ఇంకొకటి. జికా శారీరక సంబంధం ద్వారా కూడా వస్తుంది, మగవాళ్ల వీర్యంలో నెలల తరబడి ఉండగలదు. వైరస్ ఉన్న చోటికి వెళ్లొచ్చిన మగవాళ్లు కూడా కొన్ని నెలలు ఆగాలని అప్పుడు చెప్పారు.

సమయం గురించి ఒక మాట. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉడకని మాంసం, కడగని కూరగాయలు, పిల్లి మలం కలిసిన మట్టి ద్వారా వస్తుంది. పదమూడో వారంలో తల్లికి అది కొత్తగా సోకితే బిడ్డకు చేరే అవకాశం 6 శాతమే, ముప్పై ఆరో వారంలో అయితే 72 శాతం. కానీ తొందరగా చేరితే దెబ్బ పెద్దది, ఆలస్యంగా చేరితే చిన్నది. పిల్లిని ఇంట్లోంచి వెళ్లగొట్టక్కర్లేదు. దాని మలంలోని గుడ్లు అంటించే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, కాబట్టి ఆ పెట్టెను ఇంకెవరైనా రోజూ శుభ్రం చేస్తే చాలు. "ఇంకెవరైనా" అన్నది ఇక్కడ ముఖ్యం. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. తల్లికి కాస్త ఒళ్లు నొప్పులతో సరిపెట్టి బిడ్డ ప్రాణం తీయగలదు. పచ్చిపాలు, పచ్చిపాలతో చేసినవి మానేయాలి, మిగిలినవి పొగలు వచ్చేలా వేడి చేసుకోవాలి.

జ్వరం విషయంలో మాత్రం నేను గొంతు పెంచే చెప్తాను. "కడుపుతో ఉన్నావు, మందులు వేసుకోకు, ఓర్చుకో" అనే సలహా వద్దు. బిడ్డ మెదడు, వెన్నెముకగా మారే గొట్టం ఫలదీకరణ అయిన 28 రోజుల్లో మూసుకుంటుంది. ఆ రోజుల్లో తల్లికి తీవ్రమైన జ్వరం ఉంటే ఆ గొట్టం సరిగా మూసుకోకపోయే ముప్పు పెరుగుతుందని పరిశోధనల్లో కనిపించింది. డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వేసుకుని జ్వరం తగ్గించాలి, ఆ జ్వరం ఎందుకు వచ్చిందో కనుక్కోవాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా అంతే. మంట లేకుండానే బ్యాక్టీరియా ఉండొచ్చు, వదిలేస్తే కిడ్నీల దాకా పాకి నెలలు నిండకుండానే కాన్పు తేవచ్చు. అందుకే మూత్రం కల్చర్ పరీక్ష. యాంటీబయాటిక్స్ అంటే భయపడి సగంలో ఆపేసినవాళ్లను నేను చూశాను. వాళ్లకు ఆ భయం నేర్పింది చుట్టూ ఉన్న మనమే.

ఇంకో భయం ఈ మధ్య ఎక్కువగా వింటున్నాను. పిల్లవాడికి ఆటిజం అని తేలగానే, ఐదో నెలలో నాకు వచ్చిన జ్వరం వల్లేనా అని తల్లి లోలోపల కుమిలిపోవడం. స్వీడన్‌లో 5 లక్షలకు పైగా పిల్లల వివరాలతో చేసిన ఒక అధ్యయనం 2022లో వచ్చింది. గర్భంలో ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రికి వెళ్లిన తల్లుల పిల్లల్లో ఆటిజం కొంచెం ఎక్కువగానే కనిపించింది. కానీ గర్భానికి ముందు ఏడాదిలో ఇన్ఫెక్షన్ వచ్చినా అదే తేడా కనిపించింది, ఒకే తల్లి పిల్లలను పోల్చి చూస్తే ఆ తేడా నిలవలేదు. అంటే ఆ జ్వరం కారణం అయి ఉండకపోవచ్చు, కుటుంబంలోనే ఉన్న వేరే కారణాలు అలా కనిపించి ఉండొచ్చు. రుబెల్లా లాంటి వాటి సంగతి వేరు. మామూలు జ్వరానికి మాత్రం ఏ తల్లీ తనకు తాను శిక్ష వేసుకోనక్కర్లేదు. ఈ పేరా చదివి ఒక్క మనిషి ఈ రాత్రి నిద్రపోయినా నాకు చాలు.

సీఎంవీ విషయంలో కొంత వెలుతురు కనిపిస్తోంది. గర్భం మొదట్లో కొత్తగా సోకినవాళ్లకు వాలసైక్లోవిర్ అనే మందును రోజుకు 8 గ్రాములు ఇచ్చి చూసిన ఇజ్రాయెల్ పరిశోధకులు 2020లో ఫలితాలు ప్రకటించారు. మందు వాడినవాళ్లలో 11 శాతం, వాడనివాళ్లలో 30 శాతం గర్భాల్లో వైరస్ బిడ్డకు చేరింది. చిన్న పరీక్షే అది, దాదాపు తొంభై మందితో చేసింది. అయినా ముందు తెలిస్తే చేయడానికి ఏదో ఉందన్నమాట. పుట్టిన బిడ్డకు కూడా 21 రోజులలోపు పరీక్ష చేస్తేనే అది పుట్టుకతో వచ్చిందో తర్వాత వచ్చిందో కచ్చితంగా తేల్చగలరు. ఆ మూడు వారాలు దాటాక తల్లికి మిగిలేది అనుమానమే.

మొన్న మా చెల్లెలు ఫోన్ చేసింది. పిల్లల గురించి ఆలోచిస్తున్నామక్కా, నెల తప్పాక ఏయే పరీక్షలు చేయించుకోవాలో చెప్పు అంది. నెల తప్పేదాకా ఆగొద్దే అన్నాను. చాలామందికి కడుపని తెలిసేసరికి ఐదారు వారాలు అయిపోతాయి, అప్పటికే బిడ్డ గుండె కొట్టుకోవడం మొదలుపెడుతుంది. రుబెల్లా రక్షణ ఉందో లేదో ఇప్పుడే చూపించుకో, లేకపోతే టీకా వేయించుకుని నెల ఆగు. చిన్నప్పుడు నీకు ఆటలమ్మ వచ్చిందో లేదో అమ్మను అడుగు. హెపటైటిస్ బి, సిఫిలిస్, హెచ్‌ఐవీ ఇప్పుడే చేయించుకో. అది ఒక్కొక్కటీ రాసుకుంటున్నట్టు ఊ కొడుతోంది. మధ్యలో ఆపి, ఫోన్ స్పీకర్‌లో పెట్టు, మీ ఆయన కూడా వినాలి అన్నాను.

అవతల కుర్చీ జరిపిన చప్పుడు.

"వింటున్నాను వదినా, నేనేం చేయించుకోవాలి?" అన్నాడు మరిది.

సిఫిలిస్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి నీకూ అన్నాను. ఎమ్మెమ్మార్ రెండు డోసులూ పడ్డాయో లేదో మీ అమ్మగారిని అడుగు. ఫ్లూ టీకా ఏటా, కోరింత దగ్గు టీకా బిడ్డ పుట్టేలోపు, మీ ఇంట్లో బిడ్డను ఎత్తుకునే ప్రతి ఒక్కరికీ.

"ఒక్క నిమిషం వదినా, ఇవి వరసగా రాయాలి. పెన్ను తెచ్చుకుంటాను."